తీగలు తగ్గాయి, వేగం పెరిగింది

బస్తర్ ప్రాంతంలోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖపట్నం రేవుకు కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో వస్తుంది. 1960లలో ఒంటి లైనుగా వేసిన మార్గమది. రైళ్లు ఒకదాని వెనుక ఒకటి నడిస్తే ఒంటి లైనైనా కొండంత సరుకును చేరవేస్తుంది. కంప్యూటర్‌లోనూ అంతే.

పాత హార్డ్‌డిస్క్‌లను కలిపే వెడల్పాటి పాటా కేబుల్‌లో 16 డేటా తీగలుంటాయి. వాటిలో 16 బిట్లు పక్కపక్కనే బయలుదేరి ఒకేసారి చేరాలి. వేగం పెంచేకొద్దీ కొన్ని ముందు, కొన్ని వెనుక అవుతాయి. అందుకే అది సెకనుకు 133 మెగాబైట్ల వద్ద ఆగింది.

2003 ప్రాంతంలో వచ్చిన సాటా బిట్లను వరుసగా పంపుతుంది. దాని తొలి వేగం 1.5 గిగాబిట్లు. 8 బిట్ల సమాచారాన్ని 10 బిట్లుగా మార్చి పంపుతారు కనుక, 10తో భాగించండి: 150 మెగాబైట్లు!

మీ బడిలో మూలనపడ్డ కంప్యూటర్‌లో 40 గిగాబైట్ల పాత పాఠాలున్నాయనుకోండి. వాటిని బయటికి తీయడానికి యు.ఎస్.బి. 1.1కు (12 మెగాబిట్లు, అంటే 1.5 మెగాబైట్లు) ఏడు గంటలకు పైగా పడుతుంది. యు.ఎస్.బి. 2.0కు (480 మెగాబిట్లు) లెక్కప్రకారం 11 నిమిషాలు చాలు. డిస్క్ చదివే వేగం తక్కువ కనుక నిజానికి ఇంకొంత ఎక్కువే పడుతుంది.

కాబట్టి డిస్క్ పాడయ్యేలోగా, ముందుగా సరైన పోర్టును ఎంచుకోండి. బిట్టుకూ బైటుకూ తేడా మరవకండి.