పాట ముగిశాక ఇంట్లో ఎన్నాళ్లుండవచ్చు?

అప్పు తీరక ఇల్లు వేలానికి వచ్చింది. హెచ్చు పాటదారు ఎవరో పాడుకున్నారు. ఇక ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబం ఎన్ని రోజులలో ఖాళీ చేయాలి? ఈ ప్రశ్నకు పల్లెల్లో ఎవరికి తోచిన జవాబు వారు చెబుతుంటారు. ఆరు నెలలని ఒకరు, ఏడాదని ఇంకొకరు, కోర్టు నుంచి అమీనా వచ్చేదాకా ఎవరూ కదిలించలేరని మరొకరు. రచ్చబండ దగ్గర విన్న ఈ మాటలు నమ్మి ఊరుకున్నవారికి తహసీల్దారు, పోలీసులు వాకిట్లోకి వస్తే గాని సంగతి తెలియదు.

బ్యాంకు తానే జరిపే వేలంలో, పాట అయిన తరువాత ఖాళీ చేయడానికి ఇన్ని రోజులు అని చట్టంలో గడువే లేదు. గడువులు లేకపోలేదు. కాని అవన్నీ పాటకు ముందే ఉన్నాయి. లెక్కపెట్టుకోవలసింది పాట రోజు నుంచి కాదు, మొదటి నోటీసు చేతికి వచ్చిన రోజు నుంచి.

కోర్టు గడప తొక్కకుండానే

2002కు ముందు బాకీ రాబట్టుకోవాలంటే బ్యాంకులకు కూడా దావా వేయడమో, ట్రిబ్యునల్‌కు వెళ్లడమో తప్పేది కాదు. ఆ ఏడు సర్ఫేసీ చట్టం వచ్చింది. తనఖా పెట్టిన ఇంటిని కోర్టు డిక్రీ లేకుండానే స్వాధీనం చేసుకొని అమ్ముకునే అధికారం బ్యాంకులకు దక్కింది. ఇంటి రుణాలిచ్చే కంపెనీలకూ ఈ అధికారం ఉంది. సహకార బ్యాంకులకూ ఇది చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇతర పెద్ద ఫైనాన్సు కంపెనీలు బాకీ 20 లక్షలు, ఆపైన ఉంటేనే ఈ దారిన రాగలవు.

ఊళ్లోని వడ్డీ వ్యాపారికి మాత్రం ఈ చట్టం వర్తించదు. నోటు రాయించుకున్నా, ఇల్లు తనఖా పట్టినా అతను కోర్టుకు వెళ్లవలసిందే. బాకీ పేరు చెప్పి ఇంటికి తాళం వేసే హక్కు అతనికి లేదు.

లెక్క ఎలా నడుస్తుంది?

ఇంటి రుణం వాయిదా 90 రోజులకు పైగా కట్టకపోతే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా రాసుకుంటుంది. ఆ తరువాత వచ్చేది 60 రోజుల నోటీసు. అసలు, వడ్డీ ఎంతో, ఏ ఆస్తి మీద తనఖా ఉందో అందులో ఉంటుంది. ఈ 60 రోజులూ చాలా విలువైనవి. లెక్క తప్పనిపిస్తే, కట్టిన వాయిదాలు జమ పడలేదనిపిస్తే బాకీదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. దానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆక్షేపణలు ఒప్పుకోకపోతే కారణాలు చెప్పాలి. నోటి మాటగా మేనేజరును బతిమాలుకుంటే అది కాగితం మీదకు ఎక్కదు. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకుంటే రేపు ట్రిబ్యునల్‌లో పనికొస్తుంది.

అరవై రోజులూ గడిచాక ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు బ్యాంకు నోటీసు ఇస్తుంది. దాన్ని ఇంటికి అతికిస్తారు, ఏడు రోజుల్లో రెండు పత్రికల్లో వేయిస్తారు. అందులో ఒకటి తెలుగు పత్రిక అయి ఉండాలి. అటు తరువాత అధీకృత మదింపుదారు చేత ధర కట్టించి, అమ్మకానికి 30 రోజుల ముందు బాకీదారుకు నోటీసు ఇవ్వాలి. వేలం ప్రకటన వెలువడిన తరువాత కూడా 30 రోజులు ఆగాలి. ఈ రెండు నెలలనూ విడివిడిగా నడపనవసరం లేదు, ఒకేసారి నడపవచ్చు. మొదటి పాటకు ఎవరూ రాకపోతే రెండోసారి 15 రోజుల వ్యవధి చాలు.

వాయిదా తప్పిన 90 రోజులు, నోటీసు 60 రోజులు, ప్రకటన 30 రోజులు. మొత్తం 180. తక్కువలో తక్కువ ఆరు నెలలు. పల్లెల్లో చెప్పుకునే ఆరు నెలల గడువు బహుశా ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. కాకపోతే అది పాటకు ముందు మాట, పాట తరువాతది కాదు.

బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవడానికి ఎప్పటిదాకా వీలుంటుందన్నది ఇంకా ముఖ్యం. ఒకప్పుడు పాట అయిపోయినా, అమ్మకం పూర్తయ్యే వరకు సొమ్ము కట్టి ఇల్లు వెనక్కి తీసుకునే వీలుండేది. 2016 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణతో అది మారిపోయింది. వేలం ప్రకటన వెలువడే తేదీకి ముందే అసలు, వడ్డీ, ఖర్చులు మొత్తం కట్టాలి. ప్రకటన అచ్చయ్యాక ఆ హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పొలం అమ్మి, నగలు కుదువబెట్టి పాట నాటికి డబ్బు తెస్తామనుకునే వారు అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ దశలో సొమ్ము తీసుకోవడం, తీసుకోకపోవడం బ్యాంకు ఇష్టం.

కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకునే ‘వన్ టైమ్ సెటిల్‌మెంట్’ కూడా అంతే. అది బాకీదారు హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అడగడంలో తప్పు లేదు. ఇస్తారని నమ్మి గడువు పోగొట్టుకోరాదు.

తలుపు మీద కాగితం

స్వాధీనం నోటీసు ఇంటికి అతికించి బ్యాంకువారు వెళ్లిపోతారు. లోపల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, గొడ్లు పాకలోనే ఉంటాయి. దాంతో ‘ఏదో కాగితం అంటించి పోయారు, ఏమీ కాలేదు’ అనుకుంటారు. దీన్ని లాంఛనప్రాయ స్వాధీనం అంటారు. నిజంగా ఖాళీ చేయించడం దీని తరువాతి మెట్టు.

అందుకు బ్యాంకు కలెక్టరుకు గాని, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు గాని దరఖాస్తు పెడుతుంది. 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కారణాలు రాసి 60 రోజుల వరకు పొడిగించుకోవచ్చు. అయితే పని ఒత్తిడితో అంతకు మించి ఆలస్యమైనా ఉత్తర్వు చెల్లకుండా పోదు. అప్పు ఎంత, వడ్డీ న్యాయమా కాదా అని అక్కడ విచారణ ఉండదు. కాగితాలు సక్రమంగా ఉన్నాయా లేదా అన్నంత వరకే చూస్తారు. ఉత్తర్వు వచ్చాక తహసీల్దారో, కమిషనరుగా నియమించిన న్యాయవాదో పోలీసు సాయంతో వచ్చి ఇల్లు అప్పగిస్తారు. అవసరమైన బలం వాడే అధికారం చట్టమే ఇచ్చింది.

ఇది పాటకు ముందే జరిగి ఉంటే పాట నాటికి ఇల్లు ఖాళీగానే ఉంటుంది. కాగితం మాత్రం అతికించి పాట పెట్టి ఉంటే, ఆ తరువాత కూడా బ్యాంకు కలెక్టరు దగ్గరకు వెళ్లవచ్చని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆ ఉత్తర్వు అమలయ్యే దాకా దొరికే రోజులే ఆ కుటుంబానికి గడువు. అవి రెండు వారాలు కావచ్చు, మూడు నెలలు కావచ్చు.

పాటదారు పావు వంతు సొమ్ము ఆ రోజో, మర్నాడు పనిదినానో కడతాడు. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు ఒప్పుకుంటే మూడు నెలల వరకు పొడిగించుకోవచ్చు. ఆ తరువాతే అమ్మకం సర్టిఫికెట్. పిల్లల చదువు, వ్యవసాయపు పనులు చెప్పి ఖాళీ చేయడానికి కొంత వ్యవధి కావాలని బ్యాంకు అధీకృత అధికారిని అడగదలచినవారు ఈ మధ్యలోనే రాసి ఇవ్వాలి. తేదీ వేసి ఒప్పందంగా రాసుకుంటే ఉభయులకూ మంచిది. పాటదారుకూ పోలీసులను వెంటబెట్టుకొని గృహప్రవేశం చేయాలని ఉండదు.

ఎక్కడికి వెళ్లాలి?

బ్యాంకు చర్య అక్రమమని తోస్తే 45 రోజుల లోపల రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఇవి హైదరాబాదులోను, విశాఖపట్నంలోను ఉన్నాయి. ఊరి దగ్గరి మునసబు కోర్టులో దావా వేస్తే నిలవదు. ఈ వ్యవహారాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేకుండా చట్టమే కట్టడి చేసింది. దరఖాస్తు వేసినంత మాత్రాన వేలం ఆగదు, స్టే ఉత్తర్వు చేతికి రావాలి. లాయరు ఫీజుకు తాహతు లేనివారు మండల న్యాయ సేవా కమిటీని గాని, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను గాని అడగవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

జామీను పడ్డవారూ ఈ లెక్కలోని వారే. బావమరిది వ్యాపారానికని తన ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టినవారికి కూడా అదే 60 రోజుల నోటీసు వస్తుంది. ‘అప్పు వాడిది కదా’ అని ఆ కవరు తీసుకోకుండా తిప్పి పంపితే పోయేది సొంత ఇల్లే.

పొలం జోలికి రాలేరు

వ్యవసాయ భూమి మీది తనఖాకు సర్ఫేసీ చట్టం వర్తించదు. రికార్డులో మెట్ట అనో, మాగాణి అనో ఉంటే మాత్రం చాలదు. నిజంగా సాగులో ఉందని చూపాలి. లక్ష రూపాయలకు మించని అప్పుకు గాని, అసలు వడ్డీలలో బాకీ ఇక 20 శాతం లోపే మిగిలినప్పుడు గాని ఈ చట్టం కింద ఇల్లు వేలం వేయరాదు. గ్రామకంఠంలోని ఇంటికి పొలానికున్న మినహాయింపు లేదు.

కోర్టు వేలమైతే

డిక్రీ మీద కోర్టు జరిపే వేలంలో పాట తరువాత కూడా ఊపిరి తీసుకునే వ్యవధి ఉంది. తనఖా దావాలో ముందుగా బాకీ కట్టడానికి ఆరు నెలల వరకు గడువిస్తారు. కట్టకపోతే తుది డిక్రీ, డప్పు వేయించి చాటింపు, ఆపైన పాట. పాట జరిగిన 60 రోజుల లోపల చాటింపులో చూపిన బాకీతో పాటు, పాట సొమ్ములో 5 శాతం పాటదారు కోసం కోర్టులో జమ చేస్తే అమ్మకం రద్దవుతుంది. పాట పది లక్షలకు పోయి ఉంటే ఈ అదనం 50 వేలు. ఆ 60 రోజులూ దాటితేనే అమ్మకం స్థిరపడుతుంది. తరువాత పాటదారు ఏడాది లోపల దరఖాస్తు చేసుకొని, అమీనా ద్వారా ఇల్లు స్వాధీనం పొందాలి. కారణం లేకుండా అడ్డుపడితే 30 రోజుల వరకు సివిల్ జైలు.

ఇంకొక రక్షణ సంగతి చాలామంది రైతులకు తెలియదు. రైతు గాని, కూలీ గాని తాను కాపురముంటున్న ఇంటిని నోటు బాకీ డిక్రీ కింద జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒప్పుకోదు. ఇల్లు తనఖా పెడితే ఆ రక్షణ అక్కరకు రాదు.

సామాను, మిగులు సొమ్ము

ఖాళీ చేయించే రోజున మంచాలు, బీరువాలు, ధాన్యం, గొడ్లు బ్యాంకు పాలు కావు. తనఖా ఉన్నది ఇంటి మీదే. సామానుకు పంచనామా రాస్తే ఒక నకలు అడిగి తీసుకోవాలి. తాళం పడ్డాక దాన్ని పగలగొట్టి లోపలికి వెళితే బాకీ వ్యవహారం కాస్తా క్రిమినల్ కేసు అవుతుంది. అద్దెకున్నవారు తనఖాకు ముందే రిజిస్టరు కౌలు పత్రం ఉంటే ట్రిబ్యునల్‌లో చూపుకోవచ్చు. నోటి మాట అద్దెకు ఆ బలం లేదు.

ఇల్లు 12 లక్షలకు పోయి, బాకీ, ఖర్చులు కలిపి 9 లక్షలైతే, వేరే తనఖా ఏదీ లేనప్పుడు మిగతా 3 లక్షలు బాకీదారువే. బ్యాంకు దాన్ని ఉంచుకోవడానికి వీల్లేదు. వేలం ఖర్చుల పద్దుతో సహా లెక్క ఇవ్వమని రాసి అడగాలి. పాట సొమ్ము బాకీకి చాలకపోతే తరుగు కోసం బ్యాంకు మళ్లీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ తాఖీదు కొత్త చిరునామాకు వస్తుంది.