అడవిదారిలో పిస్తోలు: ఒక తల్లి విచారణ



మన బిడ్డలు చదువులకును ఉద్యోగములకును అమెరికాకు పోవుట నేడు వింత కాదు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు అచ్చటి కొండలను, అడవులను చూచి వచ్చుటయు పరిపాటి యైనది. ఆ యడవులలో ఎలుగుబంట్లు గలవు. అచ్చటివారిలో కొందరు రొమ్మునకు పిస్తోలు కట్టుకొని తిరుగుట మనవారి కంట బడును. అది చూచి "మనకును ఒకటి వలదా?" యను తలంపు పుట్టుట సహజము. కిందటి వేసవిలో మా యింటనే ఈ ప్రశ్న పుట్టినది. దాని కుత్తరము వెదకుటలో నేను తెలిసికొనిన సంగతులను తోడి గృహిణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మాయియు అల్లుడుగారును మాంటానా రాష్ట్రమున కాపురముండిరి. వారికి ఐదేండ్ల పాప. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయవనమునకు పోయి, మూడు దినములు గుడారమున గడపవలెనని వారు నిశ్చయించిరి. అల్లుడుగారి తోటి యుద్యోగి యొకడు "పిస్తోలు లేనిదే ఆ యడవిలో అడుగిడరా"దని చెప్పెనట. ఆ రాత్రి భోజనముల వేళ అమ్మాయి నాతో నిట్లనెను: "అమ్మా, ఆయన పిస్తోలు కొందమనుచున్నారు. పాప తిరుగు నింటిలో అది యుండుట నాకు భయము. అది లేక అడవికి పోవుటయు భయమే. ఏది మేలో నీవే చెప్పు."

వంటింటిలో తల నెరసిన నాకు తుపాకుల సంగతి యేమి తెలియును? కాని యడిగినది బిడ్డ. అందుచేత వనశాఖవారు ప్రకటించిన సూచనలు చదివితిని. తెలిసినవారి నడిగితిని.

ఎదుటనున్న మృగము

అచ్చటి గ్రిజ్లీ యను ఎలుగుబంటి గంటకు 56 కిలోమీటర్ల వేగమున పరుగెత్తగలదు. అనగా 30 మీటర్ల దూరము దానికి రెండు సెకనుల పని. సాధారణముగా అది మనుష్యుని తినవలెనని వచ్చునది కాదు. పిల్లలు వెంటనున్నపుడు, చచ్చిన జంతువును కావలి కాయుచున్నపుడు, మనుష్యుడు హఠాత్తుగా ఎదురుపడినపుడు అది మీదబడును. కావున పిస్తోలును ఒరనుండి తీసి, గురిచూచి, కాల్చుటకు మనకు దొరకు వ్యవధి ఆ రెండు సెకనులే. ఈ లెక్కను మనసునందుంచుకొని తక్కిన విషయము లాలోచింపవలెను.

ఎన్నిక

పెద్ద తుపాకి పిస్తోలుకంటె బలమైనది. అలాస్కా రాష్ట్రపు వన్యమృగశాఖవారు ఎలుగుబంట్ల సీమకు పెద్ద తుపాకినే మేలని చెప్పుదురు. అభ్యాసము లేనివారి చేతిలో భారీ పిస్తోలుకూడ ఆపద్వేళ చాలకపోవచ్చునని వారి హెచ్చరిక. అయినను పెద్ద తుపాకి చేతుల నాక్రమించును. బిడ్డను ఎత్తుకొన్నవాడును, చేపలు పట్టువాడును దానిని చెట్టున కానించి ఆవలికి పోవుదురు. పిస్తోలు ఎల్లవేళల ఒంటిని అంటియుండును. దాని సుగుణమంతయు ఇదియే.

ఇందు రెండు జాతులు ప్రసిద్ధములు. మొదటిది రివాల్వరు. 1955లో వెలువడిన .44 మాగ్నం తూటాను కాల్చు రివాల్వరులు ఈ పనికి పేరు పొందినవి. వీనిలో సాధారణముగా ఆరు తూటాలు పట్టును. నిర్మాణము సులువే గాని ఎదురుదెబ్బ మిక్కిలి తీవ్రము. మొదటి గుండు ప్రేలగనే చేయి పైకెగసి, రెండవ గురి తప్పును. రెండవది తనంత తానే తూటా నెక్కించుకొను పిస్తోలు. 10 మిల్లీమీటర్ల జాతి పిస్తోలులో 15 తూటాల వరకు పట్టును. ఎదురుదెబ్బ కొంత తక్కువ. గ్రీన్‌లాండు మంచుతీరమున కుక్కల బండ్లపై గస్తి తిరుగు డెన్మార్కు సైనికదళమువారు తెల్ల ఎలుగుబంట్ల భయమునకు ఈ జాతి పిస్తోలునే ధరింతురు.

తూటా విషయమును తెలిసికొనదగినదే. మనుష్యుల నుద్దేశించిన తూటాలలో కొన్నిటికి కొన బోలుగా నుండి, తగిలినంతనే విచ్చుకొనును. ఎలుగుబంటి కండలు దళసరి, ఎముకలు గట్టివి. కావున విచ్చుకొనక లోతునకు దిగు గట్టి సీసపు తూటాను, చదును కొన గలదానిని ఎన్నుకొందురు.

పిస్తోలు ఎంత పెద్దదని గాక, దానిని చేయి ఎంతవరకు అదుపున నుంచగలదని చూడవలెను. పది అడుగుల దూరమున పళ్లెమంత గురిని రెండు సెకనులలో రెండుమార్లు కొట్టలేనివారికి ఎంత గొప్ప పిస్తోలైనను బరువు చేటే.

ధారణ

నడుమున పిస్తోలు కట్టినచో వీపుసంచి పట్టీ దానిపై బడి, తీయుటకు అడ్డమగును. అందువలన అనుభవజ్ఞులు రొమ్ముపై అడ్డముగా కట్టు ఒరను వాడుదురు. ఆ ఒర గట్టిదై, మీటను పూర్తిగా కప్పవలెను. సంచిలో పెట్టిన పిస్తోలు ఇంటివద్ద నున్నదానితో సమానమే. ఇల్లు చేరినంతనే తూటాలను తీసి, పిస్తోలును వేరుగను, తూటాలను వేరుగను తాళముల లోపల పెట్టవలెను. ఇందు పిల్లల కన్ను, చేయి రెండును ఎంత చురుకైనవో తల్లులకు వేరే చెప్పనేల?

శాసనము

2010 ఫిబ్రవరి 22 మొదలుకొని అమెరికా జాతీయవనములలో ఆయా రాష్ట్రముల శాసనము ననుసరించి తుపాకి ధరింపవచ్చును. దానిని కాల్చుట మాత్రము ఎల్లోస్టోన్‌లో నిషిద్ధము. ప్రాణరక్షణకై కాల్చినవాడును విచారణకు నిలువవలెను. అలాస్కాలో ఆత్మరక్షణకై ఎలుగును చంపినవాడు దాని చర్మమును, కపాలమును ప్రభుత్వమునకు అప్పగింపవలెను.

మనవారు తప్పక ఎరుగవలసిన సంగతి యింకొకటి గలదు. విద్యార్థి వీసా, హెచ్-1బి వీసా మున్నగు తాత్కాలిక వీసాలపై నున్నవారు తుపాకి గాని తూటా గాని కలిగియుండుట ఆ దేశపు శాసనము ప్రకారము నేరము. చెల్లుబాటులోనున్న వేట అనుమతిపత్రము మున్నగు కొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. శాశ్వత నివాసపత్రము గలవారికి ఈ నిషేధము లేదు. మా అల్లుడుగారిది హెచ్-1బి. తోటి యుద్యోగి మాట విని వారు పిస్తోలు కొనియుండినచో, ఎలుగుబంటి కంట బడకపోయినను ఉద్యోగము, కాపురము రెండును ఆపదలో పడియుండెడివి. మంచి మనసుతో చెప్పినవానికి ఈ సంగతి తెలియదు, వినినవారికిని తెలియదు.

మిరపకాయ సాయము

మరి భయమునకు మందేమి? నేను గుంటూరు సీమదానను. ఆ మందు మిరపకాయ యని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. మిరప ఘాటును డబ్బాలో కుక్కి, ఎలుగుబంటి ముఖముపై మబ్బువలె చిమ్ము సాధనమును అచ్చటివారు బేర్ స్ప్రే యందురు. మృగము 30 నుండి 60 అడుగుల దూరముననున్నపుడు, గాలివాటు గమనించి, దాని ముందర కొంచెము క్రిందుగా చిమ్మవలెను. మబ్బువలె వ్యాపించుటచే సన్నని గురి యవసరము లేదు.

అలాస్కాలో 1985 నుండి 2006 వరకు జరిగిన 83 సంఘటనలను పరిశీలించి 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించినదేమనగా: గోధుమవన్నె ఎలుగుబంట్ల విషయమున నూటికి 92 మార్లు ఇది పనిచేసినది, దీనిని చేబూనినవారిలో నూటికి 98 మంది గాయపడలేదు. తుపాకులను గూర్చి 269 సంఘటనలను పరిశీలించి 2012లో ప్రకటించినదానిలో పిస్తోలు నూటికి 84 మార్లు పనిచేసినది. అయితే తుపాకి కాల్చినవారికిని, చేతనుండియు కాల్చనివారికిని గాయములలో భేదము కనబడలేదట. రెండు పరిశీలనలలోని సంఘటనలు ఒకే తీరువి కావు గనుక అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి త్రాసున తూచరాదు. అయినను అభ్యాసము లేని సంసారికి ఏది సులువో తెలియుచునే యున్నది.

దీనికిని నియమములు గలవు. విమానమున తీసికొనిపోరాదు. డబ్బాపై ముద్రించిన గడువు దాటినచో పనికిరాదు. దోమల మందువలె ఒంటికి గాని గుడారమునకు గాని పూయరాదు. గ్రిజ్లీలు లేని యోసెమిటీ వనమున ఇదియు నిషిద్ధమే.

మేము చేసినది

రెండు డబ్బాలు కొని, ఒకటి అల్లుడుగారి నడుమునను, ఒకటి అమ్మాయి నడుమునను కట్టితిమి. మందులేని అభ్యాసపు డబ్బాతో పెరటిలో మూడు సాయంకాలములు తీయుట, మీట నొక్కుట నేర్చిరి. "పరుగెత్తకు, అమ్మ వెనుక నిలువు" మని పాపకు నేర్పితిమి. దారిలో బిగ్గరగా మాటలాడుచు, ఒకరి నొకరు విడువక నడచితిమి. తినుబండారములను ఎలుగుబంటి తెరువలేని పెట్టెలో పెట్టితిమి.

రెండవనాటి ఉదయమున లామార్ లోయలో తల్లి ఎలుగుబంటి యొకటి రెండు పిల్లలతో గడ్డి పెల్లగించుచు కనబడెను. ఎలుగుబంటికి 100 గజములకంటె దగ్గరకు పోరాదని అచ్చటి నియమము. మే మంతకంటె చాల దూరముననే యుంటిమి. అయినను అమ్మాయి చేయి డబ్బా మీదనే యున్నది. పాప నా కొంగు పట్టుకొని, కదలక నిలిచినది. మేము మెల్లగా వెనుకకు నడచి వచ్చితిమి. ఆ తల్లి తన పిల్లలను చూచుకొన్నది; మేము మా పిల్లను చూచుకొంటిమి.

శాశ్వత నివాసపత్రము వచ్చినపిదప, గురువు నొద్ద అభ్యాసము చేసి, అప్పుడు కావలయునేని పిస్తోలు మాట తలంతుమని అల్లుడుగారు అనిరి. అది సబబైన మాట. సోదరీమణులారా, దూరదేశముననున్న మీ బిడ్డలు అడవికి పోవుచున్నామని చెప్పినపుడు "జాగ్రత్త" యని మాత్రమే యనకుడు. ఏమి కట్టుకొనుచున్నారు, దానిని వాడుట నేర్చిరా, అక్కడి శాసనము చదివిరా యని యీ మూడు ప్రశ్నలును అడుగుడు.