వెలుగు పోయినా రేడియం పోదు

కొన్ని ఇళ్లలో తాతల నాటి చేతిగడియారం బీరువాలో భద్రంగా ఉంటుంది. అది నడవకపోయినా ఇంటివారికి ప్రియమైనదే. దాని అంకెలపైన, ముళ్లపైన గోధుమరంగుకు తిరిగిన మందపాటి పూత ఉండవచ్చును. ఒకప్పుడు ఆ పూత చీకటిలో మెరిసేది, ఇప్పుడు మెరవదు. కనుక అందులోని రేడియం అయిపోయినదని కొందరు తలుస్తారు. ఇది నిజమేనా?

రేడియంను క్యూరీ దంపతులు 1898లో కనుగొన్నారు. తరువాత కొద్ది సంవత్సరాలకే దానిని అత్యల్ప పరిమాణంలో జింకు సల్ఫైడు పొడితో కలిపి మెరిసే పూతను తయారుచేశారు. రేడియం పరమాణువులు విచ్ఛిన్నమవుతూ ఆల్ఫా కణాలను వెలువరిస్తాయి. అవి తాకినప్పుడు జింకు సల్ఫైడు మెరుస్తుంది. అనగా వెలిగించేది రేడియం, వెలిగేది జింకు సల్ఫైడు. ఏళ్ల తరబడి ఈ తాకిడికి గురియై జింకు సల్ఫైడు చెడిపోతుంది. వత్తి కాలిపోయి దీపం ఆరినా ప్రమిదలో నూనె మిగిలినట్లే, పూతలో రేడియం మిగిలి ఉంటుంది.

ఎంత మిగులుతుంది? రేడియం అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు. అందుచేత 1920లో పూసిన రేడియంలో నూరేళ్ల తరువాత కూడా నూటికి 96 పాళ్లు నిలిచియున్నవి.

దీని వలన కలిగే హాని ఊహ కాదు. 1917 నుండి అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో యువతులు గడియారాలకు ఈ పూత పూసేవారు. కుంచె మొనను పెదవులతో సన్నగా తీర్చుకొనేవారు. రసాయన లక్షణాలలో కాల్షియంను పోలిన రేడియం వారి ఎముకలలో చేరినది. దవడ ఎముకలు కుళ్లి పలువురు మరణించారు. వారిలో ఐదుగురు న్యాయస్థానానికి వెళ్లగా, 1928లో పరిహారం లభించినది.

మరి తాతగారి గడియారాన్ని పారవేయాలా? అక్కరలేదు. ఆల్ఫా కణాలను గడియారపు అద్దమే ఆపివేస్తుంది. గామా కిరణాలు కొంత బయటికి వచ్చినా, మూసియున్న ఒక్క గడియారం వలన ప్రమాదం స్వల్పం. అయితే దానిని నిత్యం ధరించరాదు. అద్దం విప్పితే ఎండిన పూత పొడియై రాలి, ఊపిరితోనో చేతులనంటియో శరీరంలో ప్రవేశించవచ్చును. కనుక అటువంటి గడియారాన్ని తరగతిలో విప్పి చూపరాదు, పూతను గీకరాదు. బాగుచేయించేటప్పుడు పనివానికి ముందుగా తెలుపవలెను.

పాత పూతలన్నీ రేడియం పూతలు కావు. 1960ల నుండి ట్రిటియం, 1990ల నుండి రేడియోధార్మికత లేని పదార్థాలు వాడుకలోకి వచ్చాయి. ఏది ఏదో కంటితో తేల్చుట కష్టం. గైగర్ కౌంటర్ రేడియంను పట్టి ఇస్తుంది. అది అందుబాటులో లేనప్పుడు, పూత రేడియందే అనుకొని జాగ్రత్తపడటం మేలు.