పాల బండికి పాత లారీ ఇంజను

మందమర్రి, బెల్లంపల్లి, మంచిర్యాల వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాలకవర్గ సభ్యులు తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. "సంఘం బండి ఛాసిస్ గట్టిగానే ఉన్నది, ఇంజనే పోయినది. తుక్కు కింద కోసిన లారీ నుండి పెద్ద ఇంజను చవకగా దొరుకుతున్నది. వేయించవచ్చునా?" అని. బొగ్గు గనుల ప్రాంతం గనుక మన వైపు పాత లారీలకు, వాటి సామానుకు కొదువ లేదు. అందువలన ఈ ఆశ కలగడం సహజమే. బండికి మొదటి నుండి ఉన్న రకం ఇంజనే దొరికితే ఆలోచించవచ్చును. పెద్ద ఇంజను మాత్రం వద్దని నా సలహా. కారణాలు తెలిసి నిర్ణయించుకుంటే మంచిది కనుక వివరంగా వ్రాస్తున్నాను.

ఇంజను మార్చడం కొత్త విద్య కాదు. వెనుకటి రోజులలో పెట్రోలు లారీల ఇంజన్లు తీసివేసి, మద్రాసు సింప్సన్ కంపెనీవారు తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు బిగించి నడిపినారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ పనిలో ఆరితేరిన మేస్త్రీలు ఉన్నారు. అయితే ఆనాడు పెట్రోలు పోయి డీజిల్ వచ్చినది, నడిపే ఖర్చు తగ్గినది. ఇప్పుడు మన ముందుకు వస్తున్న ప్రతిపాదనలో ఖర్చు పెరుగుతుంది.

ఉదాహరణకు టాటా 407 బండిని తీసుకుందాం. 1986లో వచ్చిన ఈ బండి మన పాల దారులలో చాలాకాలం తిరిగినది. దానికి మొదట్లో అమర్చినది 497 రకం ఇంజను. పాత పెద్ద లారీలలో ఉండేది 697 రకం. ఈ అంకెలలోనే ఇంజను కొలత దాగి ఉన్నది. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తరువాతి రెండు అంకెలు బోరు కొలత మిల్లీమీటర్లలో. అంటే రెండింటి బోరూ 97 మిల్లీమీటర్లే. కాని ఒకదానికి నాలుగు సిలిండర్లు, రెండవదానికి ఆరు. పెద్దదానిలో పిస్టన్ నడక కూడా ఎక్కువ. అందువలన 497 ఘనపరిమాణం 2,956 ఘన సెంటీమీటర్లు కాగా 697ది 5,675. దాదాపు రెట్టింపు!

ఇక మన అవసరం చూడండి. 40 లీటర్ల క్యాన్లు 25 ఎక్కించితే 1,000 లీటర్ల పాలు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కనుక పాల బరువు 1,030 కిలోలు. ఖాళీ క్యాన్ల బరువు, డ్రైవరు, క్లీనరు కలిపినా ఒకటిన్నర టన్నులకు మించదు. ఈ బరువు మోయడానికి ఆ బండి సొంత ఇంజనే చాలును. పెద్ద ఇంజను తన ఆరు పిస్టన్లను తిప్పుకొనడానికే కొంత డీజిల్ తాగుతుంది. బండిలో పాలు ఉన్నా లేకున్నా ఆ ఖర్చు తప్పదు.

అసలు చిక్కు ఇంజను దించిన తరువాత మొదలవుతుంది. ఆరు సిలిండర్ల ఇంజను పొడవు ఎక్కువ. రేడియేటరును ముందుకు జరపాలి, లేదా క్యాబిన్ రేకు కోయాలి. ఛాసిస్‌కు కొత్త మౌంటింగులు వెల్డింగు చేయాలి. ఆ వెల్డింగు దగ్గరనే తరువాత పగుళ్ళు రావడం నేను చూచియున్నాను. పాత రేడియేటరు పెద్ద ఇంజను వేడిని ఆపలేదు, ఎండాకాలంలో దారిలోనే నీళ్ళు మరుగుతాయి. చిన్న ఇంజను తిప్పుడు బలానికి చేసిన క్లచ్, గేర్ బాక్సు, జాయింట్ షాఫ్టు, క్రౌన్ పినియన్ ఒకదాని తరువాత ఒకటి అరిగిపోతాయి. ఇంజను చవకే, వెంట వచ్చే సామాను చవక కాదు. అన్నిటికంటె ముఖ్యం, ముందు ఇరుసు మీద బరువు పెరుగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. బ్రేకులు మాత్రం పాతవే. వేగం పెంచే శక్తి వచ్చి, ఆపే శక్తి పెరగకపోతే ఏమగునో చెప్పనక్కరలేదు. ఆ బండి నడిపేది సాధారణంగా మన ఊరి పిల్లవాడే.

బండి దారిలో ఆగిపోతే నష్టం మేస్త్రీకి కాదు, సభ్యులకు. పితికిన పాలను త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో క్యాన్లు గంటల తరబడి రోడ్డు పక్కన ఉంటే శీతలీకరణ కేంద్రంలో మరిగించే పరీక్షకు పాలు విరిగిపోతాయి. ఆ పూట 1,000 లీటర్లూ పోయినట్లే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పినది. అదే కంపెనీ, అదే రకం ఇంజను వేయాలన్నా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి అనుమతి పొంది, పని అయిన తరువాత 14 రోజులలో పత్రం తీసుకువెళ్ళి కొత్త ఇంజను నంబరు ఎక్కించుకొనవలెను. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చును. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనానికి ఏటేటా ఫిట్‌నెస్ తప్పదు కనుక ఎవరూ చూడరులే అనుకొనడం పొరపాటు. నంబరు కలవని బండికి ప్రమాదం జరిగితే బీమా పరిహారం కూడా వివాదంలో పడుతుంది.

అదే రకం పాత ఇంజను కొనదలచితే నమ్మకమైన మేస్త్రీని వెంట తీసుకువెళ్ళండి. చెప్పకుండా వెళ్ళడం మేలు. మీరు చేరేసరికే ఇంజను వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను సులువుగా స్టార్టు కాదని అనుమానించవలెను. నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడండి. గుప్పుగుప్పున పొగ కొడితే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినవని అర్థం. ఆయిలు కడ్డీ తీసి చూస్తే ఆయిలు పాలవలె తెల్లగా ఉన్నదా, నీరు కలిసినది. మనం కొనకూడని పాలు అవి ఒక్కటే! ఇంజను నంబరు చెరిపి మళ్ళీ కొట్టినట్లున్నా, అమ్మేవారి వద్ద మొదటి బండి కాగితాలు, వేలంలో కొన్న రసీదు లేకున్నా బేరం వదలివేయండి. దొంగ సామాను అయితే కేసు సంఘం మీదకు వస్తుంది. ఓపెన్‌కాస్టు డంపరు ఇంజను ఇప్పిస్తామనే వారు కూడా అక్కడక్కడ తగులుతారు. అది లారీలో ఒదిగే వస్తువే కాదు, మాటలతోనే పంపివేయండి.

ఇవన్నీ ఆలోచించక ముందే సొంత ఇంజనుకు కొత్త లైనర్లు, పిస్టన్లు, బేరింగులు వేసి బాగుచేయించడానికి ఎంత అగునో అంచనా తీసుకొనండి. చాలా సందర్భాలలో అదే మేలైన దారి. నంబరు మారదు, ఆర్.టి.ఓ. కార్యాలయం చుట్టూ తిరిగే పని లేదు. కనీసం మూడు షెడ్ల నుండి వ్రాతపూర్వక కొటేషన్లు తెప్పించి, పోల్చిన పట్టికతో సహా పాలకవర్గ తీర్మానంలో వ్రాయండి. ఇంజను కాక విడిగా రేడియేటరు, క్లచ్, వెల్డింగు కూలి ఎంతో కూడా కొటేషనులో ఉండవలెను. బండి పని చేయని రోజులకు అద్దె బండి ఖర్చు కూడా అంచనాలో కలపండి, తనిఖీలో ఎక్కువగా కనపడని పద్దు అదే. తీసిన పాత సామాను షెడ్డులో వదలక సంఘానికి తెచ్చి డెడ్ స్టాకు రిజిస్టరులో ఎక్కించి, తూకం వేయించి, వేలంలో అమ్మి, వచ్చిన సొమ్ముకు రసీదు వ్రాయండి.