గాలినుండి లభించు నీరు: వాడుకయు, జాగ్రత్తయు

చల్లని నీరు పోసిన చెంబు వెలుపలి భాగమున కొద్దిసేపటికే నీటి బొట్లు నిలుచుట అందరును చూచినదే. ఆ నీరు చెంబులోనుండి ఊరినది కాదు. చుట్టునున్న గాలిలో కంటికి కనబడకుండ కలిసియున్న ఆవిరి, చల్లని లోహమును తాకి బిందువులుగా మారినది. తెల్లవారుజామున గడ్డిపరకలపై మంచుబిందువులు ఏర్పడుటకును కారణమిదియే.

ఈ సూత్రమునే ఆధారముగా చేసికొని, పాడైన రిఫ్రిజిరేటర్లనుండియు ఎయిర్ కండిషనర్లనుండియు కంప్రెసరును, చల్లబడు గొట్టపుచుట్టను, ఫ్యానును తీసి, గాలినుండి నీరు పట్టు సాధనములను కొందరు ఇండ్లలోనే అమర్చుకొనుచున్నారు. నీటి ఎద్దడిగల చోట్ల ఇట్టి కోరిక కలుగుట సహజము. 2019లో చెన్నై నగరమునకు నీరిచ్చు జలాశయములు ఎండిపోగా, జోలార్‌పేటనుండి రైలు వ్యాగన్లలో నీరు తేవలసివచ్చెను. అట్టి దినములలో ఎయిర్ కండిషనరు గొట్టమునుండి కారు నీరుకూడ విలువైనదిగా తోచును. అయితే ఆ నీరు త్రాగుటకు తగునా అను విషయమును ప్రతి గృహస్థుడును ముందుగా తెలిసికొనవలెను.

నీరెంత లభించును?

30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల గాలి, ఘనపు మీటరునకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. విశాఖపట్నము, మచిలీపట్నము వంటి తీరప్రాంతముల గాలిలో తేమ సమృద్ధిగా ఉండును. అనంతపురమువంటి మెట్టప్రాంతముల వేసవిగాలిలో అది మిక్కిలి తక్కువ. అనగా నీటి అవసరము హెచ్చుగానున్న చోటనే గాలి తక్కువ నీరిచ్చును.

ఒక లీటరు నీరు ఏర్పడుటకు ఆవిరినుండి సుమారు 680 వాట్-గంటల వేడిని తొలగింపవలెను. ఇంటి రిఫ్రిజిరేటరు కంప్రెసరు చిన్నది. అది రేయింబవళ్లు నడచినను, తేమగల తీరమునందుకూడ దినమునకు రెండు మూడు లీటర్లకు మించి లభించుట అరుదు. గదిని చల్లబరచు ఒకటిన్నర టన్నుల ఎయిర్ కండిషనరు తేమకాలమున గంటకు ఒకటి రెండు లీటర్ల నీటిని విడుచును. కావున నీటికొరకే పాత యంత్రమును నడుపుటకంటె, ఎట్లును నడచుచున్న యంత్రమునుండి వృథాగా పోవు నీటిని పట్టుకొనుటయే లాభకరము.

ఆ నీటిని ఏల త్రాగరాదు?

ఆవిరినుండి ఏర్పడిన క్షణమున ఆ నీరు దాదాపు శుద్ధమే. తరువాత అది తాకు వస్తువులే దానిని చెరచును. గొట్టపుచుట్టపై చేరిన ధూళి, బూజు, సూక్ష్మజీవులు అందులో కలియును. లవణములు లేని ఈ నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని కొంచెము ఆమ్లగుణము పొందును. అందుచే లోహములను తేలికగా కరగించుకొనును. గొట్టములు రాగితోను, రేకులు అల్యూమినియముతోను చేయబడును. పాత అతుకులలో సీసముగాని కాడ్మియముగాని ఉండవచ్చును. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. త్రాగునీటికై భారత ప్రమాణముల సంస్థ ఏర్పరచిన ఐ.ఎస్. 10500 ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో సీసము 0.01 మిల్లీగ్రామునకు మించరాదు.

నీటిని మరగించినచో సూక్ష్మజీవులు నశించునుగాని సీసము తొలగదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. బ్లీచింగు పొడరుకూడ లోహములను తొలగింపజాలదు. నీరు తేటగానుండుటయు, రుచి బాగుండుటయు శుద్ధతకు గుర్తులు కావు.

త్రాగునీటికొరకే నిర్మించిన యంత్రముల విషయము వేరు. 2019 డిసెంబరులో సికింద్రాబాదు రైల్వే స్టేషనునందు అట్టి యంత్రము ఏర్పాటు చేయబడెను. ఇట్టి వానిలో గాలిని వడగట్టుటకును, నీటిని శుద్ధిచేయుటకును, లవణములు చేర్చుటకును ప్రత్యేక ఏర్పాట్లుండును. పాత సామాను దుకాణమున కొన్న భాగములలో ఇవి ఏవియు లేవు.

యంత్రమును విప్పుటలో ప్రమాదము

రిఫ్రిజిరేటరు గొట్టములలో వాయువు ఒత్తిడితో నింపబడియుండును. పాత యంత్రములలోని ఆర్-12 వాయువు ఆకాశమందలి ఓజోను పొరకు హాని చేయునది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము దానిని అరికట్టుటకే ఏర్పడెను. నేటి యంత్రములు పెక్కింటిలో ఐసోబ్యూటేను వాయువున్నది. అది వంటగ్యాసువలె మండును. గొట్టమును కోసినను, మంటతో అతికినను పేలుడు సంభవింపవచ్చును. విద్యుత్తు ఆపిన తరువాతకూడ కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల పరిధిలోనికి రిఫ్రిజిరేటర్లును వచ్చుచున్నవి. పాడైన యంత్రమును నమోదైన రీసైక్లింగు సంస్థకు అప్పగించుట శ్రేయస్కరము.

గృహస్థులు పాటింపవలసిన నియమములు

1. ఎయిర్ కండిషనరు నీటిని త్రాగుటకు, వంటకు, పాలసీసాలు కడుగుటకు వాడరాదు.

2. నేల తుడుచుటకు, మరుగుదొడ్డి కడుగుటకు, పూలమొక్కలకు వాడవచ్చును. ఆకుకూరలకు పోయరాదు.

3. ఎయిర్ కూలరులో పోయరాదు. నిలువ నీటిలోని సూక్ష్మజీవులు తుంపరలతో ఊపిరితిత్తులను చేరగలవు.

4. నీరు పట్టు పాత్రను మూతతో కప్పియుంచవలెను. రిఫ్రిజిరేటరు వెనుకనుండు పళ్లెములోకూడ డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములే చాలును. కావున వారమున కొకసారి పాత్రను, పళ్లెమును ఖాళీచేసి, అంచులను గట్టిగా రుద్ది, ఆరబెట్టవలెను. గ్రుడ్లు అంచులకు అంటుకొని, తడి లేకున్నను నెలల తరబడి బ్రతుకగలవు.

5. ఆ పాత్రపై "త్రాగరాదు" అని పెద్ద అక్షరములతో వ్రాసి, పిల్లలకు అందని చోట నుంచవలెను.

ఇట్లు పట్టిన ప్రతి బిందె నీరును, ఇతర అవసరములకు ఖర్చు కావలసిన ఒక బిందె మంచినీటిని మిగుల్చును. ఆ మిగిలిన మంచినీరే త్రాగుటకు ఉపయోగపడును. గాలినుండి వచ్చు నీటివలన కుటుంబమునకు కలుగు మేలు ఇదియే.