పైలట్ కావాలంటే

భిలాయిలో పదో తరగతి పిల్లలను పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే చాలాకాలం మాకు ఒకటే జవాబు వచ్చేది: ఇంజనీరు. ఊరే అటువంటిది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఇక్కడి కుటుంబాలు ఏదో ఒక రకంగా ఉక్కు కర్మాగారంతోనే ముడిపడి ఉన్నాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్లూ అంతే. ఈమధ్య మాత్రం క్లాసుకు ఒకరిద్దరు "పైలట్" అంటున్నారు. ఎలా అవుతారని అడిగితే మాత్రం మాట రాదు. జీతం ఎంతో తెలుసు, దారి తెలియదు. తల్లిదండ్రులకు అంతకన్నా తెలియదు. అందుకే మేము తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాం.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన శాఖలోని డీజీసీఏ. దానికి 18 ఏళ్లు నిండాలి. పన్నెండో తరగతిలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. కామర్స్ తీసుకున్నవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా ఆ రెండు సబ్జెక్టులూ రాసి పాసై వచ్చిన సందర్భాలున్నాయి.

చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ముందు ఫీజు కట్టి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళతారు. వరస తిరగబడాలి. డీజీసీఏ గుర్తించిన డాక్టరు చేత మొదట క్లాస్ 2 వైద్య పరీక్ష, ఆపైన క్లాస్ 1 పరీక్ష చేయించుకోవాలి. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, గుండె అన్నీ చూస్తారు. కళ్లద్దాలుంటే పనికిరారనే మాట నిజం కాదు. అద్దాలతో చూపు సరిపడా సరైతే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం చిక్కే. అది ఇల్లు తాకట్టు పెట్టకముందే తెలియాలి కదా.

తర్వాత రాతపరీక్షలు: నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమానం సాంకేతిక విషయాలు. రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష. వీటితోపాటు 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు పక్కన గురువు సాయం లేకుండా తానే బాధ్యత వహించి నడపాలి. ఒక ప్రయాణమైతే 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్లు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగుతూ పూర్తి చేయాలి. రాత్రిపూట నడిపిన గంటలూ, బయటికి చూడకుండా కేవలం పరికరాలను నమ్మి నడిపిన గంటలూ లెక్కలో ఉండాలి.

ఇదంతా అయ్యేసరికి ఖర్చు అరకోటికి అటూ ఇటూ అవుతుంది. ఆ లైసెన్సుతో నేరుగా ఎయిర్‌బస్‌లో కూర్చోనివ్వరు. ఏ రకం విమానం నడపాలో దానికి "టైప్ రేటింగ్" అని మళ్లీ శిక్షణ, మళ్లీ ఖర్చు. ఆ తర్వాత ఉద్యోగం వెంటనే రావచ్చు, ఏడాది రెండేళ్లు ఆగాల్సి రావచ్చు. కోచింగ్ సెంటర్ల రంగుల కాగితాల మీద ఈ చివరి మాట ఉండదు. పిల్లలకు మేము దీన్నే రెండుసార్లు చెబుతాం.

ఇంత విన్నాక కూడా ముఖం వాడిపోనివాళ్లకు కెప్టెన్ అనీ దివ్య గురించి చెబుతాం. ఆమె పఠాన్‌కోట్‌లో పుట్టారు. నాన్నగారు సైన్యంలో పనిచేశారు. విజయవాడలో పెరిగారు, అక్కడి కేంద్రీయ విద్యాలయంలోనే చదివారు. బదిలీల మీద బదిలీలు తిరిగిన మాకు ఆ మాట రాస్తుంటేనే కొంచెం గర్వంగా ఉంది. 17వ ఏట ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరారు. అక్కడ తన ఇంగ్లిషు చూసి తోటివాళ్లు నవ్వారని ఆమే చెప్పుకున్నారు. 19 ఏళ్లకు శిక్షణ ముగించి ఎయిర్ ఇండియాలో చేరారు. స్పెయిన్‌లో బోయింగ్ 737 మీద, తర్వాత లండన్‌లో బోయింగ్ 777 మీద శిక్షణ పొందారు. 2017లో, 30 ఏళ్ల వయసులో, బోయింగ్ 777కు ప్రపంచంలోనే అతి పిన్న వయస్కురాలైన మహిళా కమాండర్‌గా వార్తల్లోకెక్కారు. ఆడపిల్లలకు ఇది కొత్త దారేమీ కాదు. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఎన్నో కంపెనీలు కాదన్నాక ఉద్యోగమిచ్చింది హైదరాబాదుకు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్.

ఇంగ్లిషు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాం. భాష చెప్పేవాళ్లం, ఆగకుండా ఉండలేం. పైలట్‌కు కావలసింది సినిమా యాస కాదు. స్పష్టంగా చెప్పడం, చెప్పింది సరిగ్గా వినడం. కంట్రోల్ టవర్ ఒక ఎత్తు చెబితే పైలట్ ఆ అంకెను తిరిగి చెప్పాలి. టవర్ విని, తప్పుంటే దిద్దాలి. ఒకటో తరగతిలో ఎక్కం అప్పజెప్పించుకున్నట్టే. ఇంగ్లిషు అంకెల్లో "నైన్", "ఫైవ్" రేడియో గరగరలో ఒకలాగే వినిపిస్తాయి గనుక తొమ్మిదిని "నైనర్" అంటారు.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. 1977 మార్చి 27న టెనెరీఫ్ దీవిలో మంచు కమ్ముకున్న రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక పైలట్ "టేకాఫ్" అన్న మాట వాడారు. ఆయన బయలుదేరుతున్నారు, టవర్ మాత్రం సిద్ధంగా నిలబడి ఉన్నారని అర్థం చేసుకుంది. అప్పటి నుంచి గాల్లోకి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో ఆ మాట పలకరు. మిగతా చోట్ల "డిపార్చర్" అంటారు. మన దేశంలో 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రి ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన విమానం ఇంకా కిందికి దిగిపోయింది. ఆ విమాన సిబ్బందికి ఇంగ్లిషు అంతంతమాత్రంగా ఉండటమూ అప్పుడు చర్చకు వచ్చింది.

ఇక రోజువారీ పని. విమానం కదలడానికి గంట ముందే పైలట్ల పని మొదలవుతుంది. మద్యం తాగలేదని తేల్చే శ్వాస పరీక్ష, వాతావరణ నివేదిక, ఇంధనం లెక్క. రాయపూర్‌లో పొగమంచు పడితే నాగపూర్ దాకా వెళ్లేందుకు సరిపడా ఇంధనం ఉందా అన్నది ముందే చూసుకోవాలి. తర్వాత ఇద్దరిలో ఒకరు విమానం చుట్టూ నడిచి టైర్లు, ఇంజన్లు కళ్లతో చూస్తారు. లోపల ఒకరు నడుపుతుంటే మరొకరు గమనిస్తూ రేడియోలో మాట్లాడతారు. ఎన్నేళ్ల అనుభవమున్నా చెక్‌లిస్టు చదవకుండా ముందుకు పోరు. 10,000 అడుగుల లోపు పనికి సంబంధం లేని కబుర్లు నిషిద్ధం. ఆటోపైలట్ ఉంది కదా, పనేముంది అని ఒకడు అడిగాడు. అదీ మనిషి చెప్పిన అంకెలనే పాటిస్తుంది నాయనా, తప్పు అంకె ఇస్తే తప్పు చోటికే తీసుకెళుతుంది అన్నాం. ఏడాదికి 1,000 గంటలకు మించి నడపనివ్వరు. పండగపూట ఇంట్లో ఉండటం మాత్రం జాబితా దయ. మా బదిలీ ఉత్తర్వుల్లాగే.

ఈసారి రాయపూర్ మానా విమానాశ్రయం నుంచి వెళ్లేవాళ్లు కిటికీలోంచి రన్‌వే చివర చూడండి. ఒక కొసన 06, రెండో కొసన 24 అని పెద్ద అంకెలుంటాయి. దిక్సూచిలో దాదాపు 60 డిగ్రీలు, 240 డిగ్రీలు. చివరి సున్నా వదిలేసి రాస్తారు. రెంటికీ తేడా సరిగ్గా 180 ఎందుకో మ్యాథ్స్ మాస్టారిని అడగండి.