మొహం ముద్దు - ఊపిరి కష్టం
ఫిల్మ్‌నగర్ చప్పిడి ముక్కు కుక్కలపై వాదోపవాదాలు. ఫామ్‌హౌస్ కాపలాదారులకు వేసవి తిప్పలు

జూబ్లీహిల్స్: తెల్లవారుజామున జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్లమీద కుక్కల ఊరేగింపు చూడదగినది. గొలుసు పట్టుకొని నడిచేవారిలో యజమానులు తక్కువ. ఇంటిపనికో, తోటపనికో, డ్రైవరు ఉద్యోగానికో చేవెళ్ళ, శంకర్‌పల్లి, షాబాద్ వైపు పల్లెల నుంచి వెళ్ళినవారే ఎక్కువ. లాబ్రడార్లు, హస్కీలు ఉత్సాహంగా గొలుసు లాక్కుపోతుంటాయి. వాటి నడుమ ఎవరో అరచేత్తో మూతిని లోపలికి నొక్కినట్లుండే పొట్టి కుక్కలు కొన్ని కనిపిస్తాయి. పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ అని వాటి పేర్లు. నాలుగు బంగళాలు దాటకముందే అవి కూలబడి, నాలుక వేలాడవేసి, గురగురమంటూ రొప్పుతాయి.

పెద్దింటి కుక్క గదా, బద్ధకం అని నడిపించేవారు నవ్వుకుంటారు. కాని అది బద్ధకం కాదు, ఊపిరి అందకపోవడం అని పశువైద్యులు అంటున్నారు. ఆ గురక కూడా ముద్దుకు తీసేది కాదు. గొంతులో గాలి అడ్డం పడినప్పుడు వచ్చే చప్పుడు అది.

ఫిల్మ్‌నగర్ కుక్కల సంగతి పల్లెవాసులకెందుకు అనిపించవచ్చు. అయితే ఆ కుక్కలు ఫిల్మ్‌నగర్‌లోనే ఉండిపోవడం లేదు. మోజు తీరినవి, జబ్బు పడినవి, ఈతలు అయిపోయినవి మొయినాబాద్, శంకర్‌పల్లి పక్క ఫామ్‌హౌస్‌లకు చేరుతున్నాయి. వాటికి నీళ్ళు పెట్టేది, చచ్చిపోతే మాట పడేది కాపలా ఉన్న మన ఊరివారే. అదీగాక, కుక్కపిల్లల వ్యాపారంలో లాభాలున్నవని విని అప్పో సప్పో చేసి ఒక పగ్ జంటను కొనుక్కుందామనుకునే యువకులు ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

ముట్టె తగ్గింది, లోపలి సరుకు తగ్గలేదు

కుక్కకు మనిషివలె ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుందంతే. ఒంటి వేడి తగ్గించుకోవాలంటే రొప్పడం ఒక్కటే దానికి దారి. పొడవాటి ముట్టెలో తడిగా ఉండే పలుచని పొరలమీదుగా, నాలుకమీదుగా గాలి పోతూ వస్తూ రక్తాన్ని చల్లబరుస్తుంది. ఊరకుక్క మే నెల ఎండలో చింతచెట్టు కింద పడుకొని అరగంటలో తేరుకోవడం ఈ ముట్టె బలంతోనే.

చప్పిడి ముక్కు కుక్కలలో తరతరాలుగా ముట్టె ఎముకను పొట్టి చేస్తూ వచ్చారు. ఎముక పొట్టిదయింది గాని దానిలో ఇమడవలసిన కండ, అంగిలి, నాలుక అంతగా తగ్గలేదు. అయిదు కిలోల సంచిలో పది కిలోల వడ్లు కుక్కినట్లయింది. మెత్తటి అంగిలి గొంతులోకి జారి గాలికి అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు చిల్లుల్లా కాక గీతల్లా ఉంటాయి. కొన్నింటికి గాలిగొట్టమే సన్నం. గాలి బలంగా లాగి లాగి గొంతు లోపల వాచిపోతుంది, వాపుతో దారి మరింత మూసుకుపోతుంది. ఇటువంటి కుక్కను ఎండలో పరుగెత్తిస్తే ఒంటి వేడి దిగే మార్గమే లేదు. మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండవలసిన వేడి 106 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్లే.

ముక్కుతోనే సరిపోలేదు. గుంత లోతు లేక కనుగుడ్లు బయటికి పొడుచుకువచ్చి ఉంటాయి. కంపకొమ్మ తగిలినా, దుమ్ము పడినా నల్లగుడ్డుమీద పుండు పడుతుంది. గట్టి దెబ్బ తగిలితే గుడ్డే బయటికి జారుతుంది. మొహంమీది మడతలలో చెమ్మ చేరి చర్మం కుళ్ళుతుంది. బుల్‌డాగ్‌లకు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు తల పెద్దది, కటి ఇరుకు. బ్రిటన్‌లో జరిపిన ఒక పరిశీలనలో ఈ జాతుల ఈతలు నూటికి 80కి పైగా సిజేరియన్‌తోనే అయినట్లు తేలింది. కడుపు కోస్తే తప్ప ఈనలేని జంతువును ఏ రైతూ మంద పెంచడానికి ఎంచుకోడు. నగరంలో మాత్రం దానికే ధర ఎక్కువ!

కోళ్ళు పెంచేవారికి ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. మాంసం కోసం బ్రాయిలర్ కోడిని ఎలా తయారుచేశారో, మొహం కోసం ఈ కుక్కను అలా తయారుచేశారు. బ్రాయిలర్ ఎండకు ఎందుకు తట్టుకోలేదో, నాటుకోడి ఎందుకు తట్టుకుంటుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. హెచ్.ఎఫ్. ఆవు మే నెలలో పడే అవస్థ కూడా పాడిరైతులకు తెలిసినదే.

చైనా నుంచి టెలిఫోను ప్రకటన దాకా

పగ్ చైనా రాజుల ఒళ్ళో పెరిగిన జాతి. డచ్చి వర్తకులద్వారా ఐరోపా చేరింది. ఇంగ్లండు చిత్రకారుడు హోగార్త్ 1745లో తన బొమ్మ పక్కన తన పగ్‌ను కూడా వేశాడు. ఆ బొమ్మలో కుక్కకు చక్కటి మూతి ఉన్నది! ఇక బుల్‌డాగ్ ఎద్దులమీదికి ఉసిగొల్పే పందెపు కుక్క. 1835లో ఆ పందేలను ఇంగ్లండు చట్టం నిషేధించింది. పని పోయిన కుక్క అందాల పోటీలకు ఎక్కింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడిన తర్వాత ఏ జాతి ఎలా ఉండాలో రాతపూర్వకంగా నిర్ణయించారు. ఎంత చప్పిడి మొహమైతే అంత బహుమతి అన్న ధోరణి పెరిగింది.

బహుమతి కుక్కకే ఆడకుక్కలన్నిటినీ జతకట్టించడంవల్ల అంతా దగ్గర బంధువులే అయిపోయాయి. లండన్ ఇంపీరియల్ కళాశాల శాస్త్రజ్ఞులు 2008లో లెక్కకట్టగా, బ్రిటన్‌లోని సుమారు 10 వేల పగ్‌ల రక్తంలో ఉన్న వైవిధ్యం 50 కుక్కలకు సరిపోయేంతేనని తేలింది. మేనరికాలపై మేనరికాలన్నమాట.

మన దేశంలో పగ్ ఇంటింటి పేరు కావడానికి 2003 నాటి హచ్ టెలిఫోను ప్రకటన ముఖ్య కారణం. ఒక చిన్న పిల్లవాడి వెంట చీకా అనే పగ్ ఎక్కడికైనా పోతుంటుంది. ఆ ప్రకటన టీవీలో వచ్చిన నాటినుంచి ఆ కుక్కను జనం హచ్ కుక్క అనే పిలిచారు. కంపెనీ 2007లో వొడాఫోన్ అయింది. కుక్క పేరు మాత్రం పల్లెల్లో నేటికీ మారలేదు. ప్రకటనలో ఆ పిల్లవాడి వెంట నడిచినంత దూరం హైదరాబాద్ ఎండలో నడిస్తే ఆ జాతి కుక్కకు ఏమవుతుందో ప్రకటన చెప్పలేదు, చెప్పదు కూడా.

తర్వాతి విడతలో ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జు వచ్చాయి. సినిమా తారల ఇళ్ళలోని కుక్కలకు వారితో సమానంగా అభిమానులున్నారు. నటి సమంత పెంచుకున్న హ్యాష్ ఫ్రెంచ్ బుల్‌డాగ్ అన్నది ఇన్‌స్టాగ్రామ్ చూసే కుర్రవాళ్ళందరికీ తెలిసిన విషయమే. తార తన కుక్కను బాగానే చూసుకుంటుంది. ఏసీ ఉంటుంది, డాక్టరు ఇంటికే వస్తాడు. ఆ ఫోటో చూసి రేకుల ఇంట్లో అటువంటి కుక్కను తెచ్చుకొన్నవారి సంగతే ఆలోచించవలసినది.

కోర్టులకెక్కిన ముక్కు

ఇతర దేశాలలో ఈ వివాదం ముదిరి చాలాకాలమైంది. 2008 ఆగస్టులో బీబీసీ టీవీ జాతికుక్కల రోగాలమీద ఒక కార్యక్రమం ప్రసారం చేయగా బ్రిటన్‌లో పెద్ద దుమారం రేగింది. క్రఫ్ట్స్ అనే ప్రఖ్యాత కుక్కల పోటీని మరుసటి ఏడు ప్రసారం చేయడమే బీబీసీ మానుకొన్నది. 2019లో నెదర్లాండ్స్ ప్రభుత్వం, ముట్టె కపాలం పొడవులో మూడోవంతైనా లేని కుక్కలను జతకట్టించరాదని కొలతబద్దతో సహా నియమం పెట్టింది. నార్వేలో ఓస్లో కోర్టు 2022 జనవరిలో ఇంగ్లీషు బుల్‌డాగ్‌ల పెంపకం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అదే ఏడాది నవంబరులో పై కోర్టు బుల్‌డాగ్ విషయంలో ఆ తీర్పును తిరగవేసింది.

లండన్ రాయల్ వెటర్నరీ కళాశాల 2022లో వెలువరించిన పరిశోధన ప్రకారం, ఏడాదిలో ఏదో ఒక జబ్బు పడే అవకాశం ఇతర కుక్కలకంటే పగ్‌లకు 1.9 రెట్లు. చప్పిడి ముక్కువల్ల వచ్చే శ్వాసబాధ ఒక్కటీ తీసుకుంటే ఏకంగా 54 రెట్లు. కంటి పుండ్లు 13 రెట్లు. అమెరికాలో 2005 మే నుంచి అయిదేళ్ళలో విమానాలలో 122 కుక్కలు చనిపోగా, వాటిలో సుమారు సగం పొట్టి మూతివే. అందుకే పలు విమాన సంస్థలు ఈ జాతులను సామాను అరలో ఎక్కించుకోవడం మానుకొన్నాయి.

మరి పెంచేవారి వాదన ఏమిటి? ఈ కుక్కలు నెమ్మదైనవి, పిల్లలను కరవవు, చిన్న ఫ్లాట్‌లో సర్దుకుపోతాయి అంటారు. అది అబద్ధం కాదు. మంచి గాలి పీల్చే జంటలనే ఎంచి దాటిస్తే రెండుమూడు తరాలలో జాతి బాగుపడుతుందని, నిషేధిస్తే దొంగచాటు వ్యాపారం పెరుగుతుందని కూడా చెబుతారు. కొంతమేరకు ఇదీ నిజమే. 2019లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, బ్రిటిషు కెన్నెల్ క్లబ్ కలిసి కుక్కను కొద్దిసేపు నడిపించి ఊపిరి విని గ్రేడు ఇచ్చే పరీక్ష ప్రవేశపెట్టాయి. జంతు సంక్షేమ సంఘాలవారు మాత్రం, ఒక ప్రాణి బాధను అందమని అమ్మడమే తప్పని, కొనేవారు మానితే తప్ప అమ్మేవారు మానరని పట్టుబడుతున్నారు. పెంచేవారి వాదనలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఎంచి దాటించే ఓపిక ఉన్నవారు పదిమందిలో ఒకరైనా లేకపోవడం. సంతలో పిల్లకు పలికే ధర మొహాన్ని చూసేగాని ఊపిరిని విని కాదు.

చట్టం ఉన్నది, తెలిసినవారే లేరు

మన దేశంలో 2017లో కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు వచ్చాయి. పిల్లలను అమ్ముకునేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేయించుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను, 8 ఏళ్ళు దాటినదానిని జతకట్టించరాదు. ఏడాదికి ఒక ఈత, జీవితంలో అయిదు ఈతలు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. గల్లీ వెనుక గదుల్లో కుక్కలను ఈనించేవారిని ఈ నియమాల గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. పిల్ల కొనబోయే యువకులు మొదట అడగవలసినది ఆ నమోదు పత్రమే. ఒక్కొక్క ఈతకు సిజేరియన్ ఖర్చు, చనిపోయే పిల్లల నష్టం కలుపుకొని లెక్క వేసుకుంటే చాలామంది లాభాల మాట అక్కడే ఆగిపోతుంది.

కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో 23 జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అవి మనుషులను కరిచే భయంకర జాతులన్నది కారణం. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టివేసింది. మనిషికి హాని చేసే కుక్కలపై ఇంత హడావుడి జరిగింది గాని, మనిషి హాని చేసిన కుక్కల ఊసు అందులో లేదు.

కాపలాదారులకు తెలియవలసినవి

ఫామ్‌హౌస్‌లలో చప్పిడి ముక్కు కుక్కలు ఎక్కువగా పోయేది ఏప్రిల్, మే నెలలలోనే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రేకుల షెడ్డులో కట్టివేసి పొలం పనికి వెళితే మధ్యాహ్నానికి అది పొయ్యి అవుతుంది. కారు సంగతి చెప్పనక్కరలేదు, అద్దం కొద్దిగా దించినా లాభం లేదు.

కుక్క నాలుక ముదురు ఎరుపెక్కినా, నీలం తిరిగినా, నురగ కక్కి తూలినా వెంటనే నీడకు తేవాలి. బోరు నీళ్ళు ఒంటినిండా పోస్తూ విసరాలి, ఫ్యాను ఉంటే కింద పడుకోబెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తీసుకుపోవడం. తడిబట్ట కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. జ్వరం మాత్ర వేయడం శుద్ధ దండగ, అది జ్వరం కాదు. స్పృహ లేనిదానికి నోట్లో నీళ్ళు పోయరాదు. మెడపట్టీకి బదులు ఛాతీకి వేసే పట్టీ వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, బిర్యానీ మిగుళ్ళు పెట్టి లావెక్కించకూడదు. కొవ్వు గొంతులోనూ పేరుకుంటుంది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలి కత్తిరించే ఆపరేషన్లు ఉన్నాయి. చిన్న వయసులో చేయిస్తే మేలు, కాని అది యజమాని భరించవలసిన ఖర్చు. కుక్కను ఫామ్‌హౌస్‌లో దించిపోయే రోజునే, మందుల ఖర్చు ఎవరిదో, ఎవరికి ఫోను చేయాలో అడిగి రాయించుకొన్న కాపలాదారులు తర్వాత మాట పడరు.

జోనంగి మాట

మన తెలుగునేలమీదనే పుట్టిన జోనంగి అనే జాతి ఒకటున్నది. కొల్లేరు చుట్టుపట్ల బాతుల మందలను కాచేందుకు పెంచేవారు. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, పొడవాటి ముట్టె. మొరగడంకంటే ఒక విధమైన కూత పెట్టడం దీని ప్రత్యేకత. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక ఇదీ తగ్గిపోయింది. ఎండకు జంకదు, ఈనడానికి డాక్టరు అక్కరలేదు. ప్రకటనలో నటించే అవకాశం మాత్రం దానికి రాలేదు.

నటి అమల అక్కినేని 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్ సంస్థ జూబ్లీహిల్స్‌లోనే ఉన్నది. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ కూడా బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. అటువంటి మేళాలలో పిల్లకు డబ్బు కట్టనక్కరలేదు, తీసుకుపోయేవారు ఇల్లు, ఓపిక ఉన్నవారైతే చాలు.